నాలుగింటికి ఫోన్లు

జూన్ 16, సోమవారం

శనివారం ట్రైనింగులో ఇచ్చిన పుస్తకం ఇది. ప్రతి పేజీకీ పైన ‘ఈ రోజు నా మూడు ముఖ్యమైన పనులు’ అని, అడుగున ‘ఈ రోజు నేను ఎక్కడ మెరుగుపడ్డాను?’ అని అచ్చు వేశారు. మధ్యలో గీతలు ఖాళీ. ‘ఎవరూ చూడరండి, మీకోసం మీరు రాసుకోండి’ అన్నాడు ట్రైనరు. అందుకని మధ్యలో రాస్తున్నాను.

మురళీకృష్ణగారు ఓనరుగారి అల్లుడు. ఏప్రిల్ నుంచి మేనేజరు. కాకినాడలో కూర్చుని అయిదు రొయ్యల లాబ్‌లు చూస్తారు. అయిదింటిలోకీ మా భీమవరం లాబ్ వెనకబడింది. రోజుకి ముప్ఫై ఎనిమిది రిపోర్టులు. జులై నెలాఖరుకి అరవై కావాలి. కాకపోతే మిషన్లు కాకినాడ పట్టుకుపోయి దీన్ని శాంపిళ్ళు తీసుకునే కౌంటరు చేస్తారు. కౌంటరుకి ఎమ్మెస్సీ జువాలజీ అక్కర్లేదు. నలభై ఆరేళ్ళ మనిషి అసలే అక్కర్లేదు.

ఆ చివరి మాట ఆయన అనలేదు. నేనే అనుకున్నాను.

పోయిన వారమంతా ప్రతి పావుగంటకీ ఏం చేశానో రాసి పంపాను. ‘ఫోన్లు: గంటా యాభై నిమిషాలు’ అన్నచోట ఎర్రగా సున్నా చుట్టి తిప్పి పంపారు. తర్వాత ఫోన్.

“ఇవేంటండి సత్యశ్రీగారు, రోజుకి రెండు గంటలా?”

“రైతులవండి.”

“రిపోర్టు వాట్సాప్‌లో వెళ్ళిపోతుంటే మళ్ళీ మాటలెందుకండి?”

“చూస్తానండి” అన్నాను.

జూన్ 17, మంగళవారం

ఆయనకి చెప్పాల్సింది ఇది.

ఒక చెరువు రొయ్యకి తెల్లమచ్చ వైరస్ అని తేలితే రైతు ఒకటి రెండు రోజుల్లో ఉన్నది ఉన్నట్టు పట్టేసి నీళ్ళు కాలవలోకి వదిలేస్తాడు. బ్లీచింగు కొట్టి, ఆగి వదలాలి. ఎవరు ఆగుతారు? దిగువ చెరువువాళ్ళు మోటారు వేసి ఆ నీళ్ళే లోపలికి తోడుకుంటారు. వారం తిరక్కుండా అక్కడా అదే. అందుకని తెల్లమచ్చ బయటపడ్డ రోజున దిగువ వాళ్ళందరికీ నేను ఫోన్ చేస్తాను. ‘నాలుగు రోజులు మోటారు వెయ్యకండి.’ అంతే. ఎవరి చెరువని చెప్పను, వాళ్ళూ అడగరు. లాబ్‌లో నా కింద పనిచేసే ఆశాజ్యోతి వాటికి మోటారు ఫోన్లని పేరు పెట్టింది. పదకొండేళ్ళుగా చేస్తున్నాను. ఎవరూ చెయ్యమనలేదు. వాటికి రిపోర్టు నంబరు ఉండదు.

ఇలా రాస్తే బాగానే ఉంది. ఫోన్లో చెప్పబోతే మాత్రం సాకులాగా వినిపిస్తుంది. నిజంగా సాకేనేమో కూడా. పని తెమలని మనిషి దాన్ని సేవ అనుకోవడం సులువు.

పదకొండింటికి సంపూర్ణమ్మగారు వచ్చారు, కవర్లో నీళ్ళు పోసి పది రొయ్యలతో. పాతగట్టుపాలెంలో బుల్లబ్బాయిగారి చెరువుల వరసలో దిగువన ఆఖరి రెండెకరాలు ఈ ఏడు ఆవిడ కౌలుకి చేస్తున్నారు. ఇరవై ఏళ్ళు ఒకళ్ళ కింద పనిచేశాక మొదటిసారి సొంత చెరువు. భర్త చిట్టియ్యకి నడుం నొప్పి, గట్టు మీద కాపలా ఒక్కటే చెయ్యగలడు. మేత, మోటారు, మందు అన్నీ ఆవిడే.

“చూడండమ్మా, మేత తింటన్నాయా, పేగు నిండుగా ఉందా? నాకు నిండుగానే కనపడతంది. నా కళ్ళకి ఆశెక్కువ.”

“నిండుగానే ఉందమ్మా.”

“ఈ పంట గట్టెక్కితే చెరువు మళ్ళీ మాకే ఉంచుతానన్నారు బుల్లబ్బాయిగారు. పోతే మాత్రం కలిపేసుకుంటారంట. మా పిల్ల మెర్సీకి నర్సింగు ఇంకో ఏడుంది. చర్చిలో రోజూ మీ పేరు కూడా చెప్తన్నాను. ప్రభువుకి లాబ్ అంటే అర్థమవుద్దో లేదో.”

కదలరు. కోళ్ళ గురించి, మెర్సీ హాస్టలు గురించి, చిట్టియ్య కషాయం గురించి. ఇరవై అయిదు నిమిషాలు. లాగ్‌లో రాశాను.

జూన్ 21, శనివారం

కొత్త సాఫ్ట్‌వేరులోకి రైతుల పేర్లు. నాలుగు వందల పన్నెండు. నేను పాత రిజిస్టరు చదువుతుంటే ఆశాజ్యోతి కొట్టింది. ఇక మీదట తెల్లమచ్చ బయటపడితే ఆ ఊళ్ళో రైతులందరికీ హెచ్చరిక దానంతటదే వెళ్తుందట. మోటారు ఫోన్ల అవసరం ఉండదు. ఇన్నేళ్ళూ నేను చేతులతో చేసింది మిషను రెప్పపాటులో చేస్తుంది. సంతోషించాలి.

“మేడమ్, ఈ నంబరు ఇందాకే కొట్టాను. బుల్లబ్బాయిగారిది.”

“ఇప్పుడెవరి పేరు మీదొచ్చింది?”

“సంపూర్ణమ్మ, పాతగట్టుపాలెం.”

ఆవిడది బటన్ ఫోను, వాట్సాప్ లేదు. కౌలు రాసుకున్న రోజున రిజిస్టర్లో బుల్లబ్బాయిగారి నంబరే ఇచ్చారు. పెద్ద ఫోన్లు లేని కౌలుదార్లు చాలామంది అలాగే ఇస్తారు, చెరువు ఎవరిదో ఆయన నంబరు. ఆవిడకి నేనెప్పుడూ నేరుగానే చేస్తాను కాబట్టి రిజిస్టరు సంగతి ఆలోచించలేదు. గడి ఖాళీగా వదిలితే సాఫ్ట్‌వేరు ముందుకి వెళ్ళనివ్వడం లేదు. అప్పటికి ఆరున్నరయింది, ఇంకా తొంభై పేర్లున్నాయి.

“ఉండనీ. తర్వాత చూద్దాం” అన్నాను.

జూన్ 24, మంగళవారం

44.

జూన్ 27, శుక్రవారం

47. బెంచీ వరండాలోకి మార్పించాను. తలుపు తెరుచుకున్నా తల ఎత్తకపోవడం అలవాటు చేసుకుంటున్నాను. ఒకే రకం పనులు ఒకేసారి: పొద్దున నీళ్ళ పరీక్షలన్నీ, పదింటి నుంచి పీసీఆర్, మూడింటికి రిపోర్టులు. ఫోన్లు నాలుగింటి నుంచి నాలుగుంబావు దాకా మాత్రమే. పనిచేస్తోంది. నేను మందకొడి మనిషినని కాలేజీ రోజుల నుంచీ నమ్మాను. కాదేమో.

జూన్ 30, సోమవారం

ఇంట్లో కూడా ఫోన్లో టైమరు పెట్టుకుంటున్నాను. కూరకి ఇరవై, బట్టలకి పది. ఈయన పేపరు పక్కన పెట్టి అడిగారు.

“నాకెంత పెట్టావు?”

“మీరు ఆటోమేటిగ్గా ఆగిపోతారుగా.”

నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత నాకే ఎందుకో బాగా అనిపించలేదు.

జులై 2, బుధవారం

గణేష్‌బాబుగారు శాంపిలు ఇచ్చి టోకెను తీసుకుని వరండాలోకి వెళ్తూ గుమ్మంలో ఆగారు. పాతగట్టుపాలెంలోనే ఆయనవి నాలుగు చెరువులు. అరవై దాటిన మనిషి.

“ఇదివరకు మా రొయ్యకి జబ్బు చేస్తే మీరు మా మొహాలు చూసేవారు. ఇప్పుడు టోకెన్ చూస్తన్నారు.”

“టైం చాలట్లేదండి.”

“అదేనమ్మా, మాకూ అంతే. మా రొయ్య కూడా టైముకి చావట్లేదు.”

వరండాలో అందరూ నవ్వారు. నేను తల ఎత్తలేదు. 49.

జులై 4, శుక్రవారం

52. మురళీకృష్ణగారు వాట్సాప్‌లో బొటనవేలు పంపారు. ఆ బొమ్మ కోసం సాయంత్రం మూడుసార్లు ఫోన్ తెరిచాను. సిగ్గుగా ఉంది, రాస్తున్నాను.

జులై 8, మంగళవారం

పదకొండూ నలభైకి బుల్లబ్బాయిగారి మూడో చెరువు పాజిటివ్. తెల్లమచ్చ. రిపోర్టు వెళ్ళింది. పాతగట్టుపాలెం మొత్తానికి హెచ్చరిక వెళ్ళింది. స్క్రీను మీద ముప్ఫై ఒక్క పేర్లకీ రెండేసి నీలం టిక్కులు చూశాను.

సంపూర్ణమ్మగారికి విడిగా చెప్పాలి. నాలుగింటి లిస్టులో ఏడో పేరుగా రాశాను. నాలుగుంబావుకి మురళీకృష్ణగారి వీడియో కాల్ వచ్చింది, లిస్టు ఆరో పేరు దగ్గర ఆగింది.

రేపు. మోటారు రోజూ వెయ్యరుగా.

56.

జులై 9, బుధవారం

ముఖ్యమైన పనులు: బాక్టీరియా ప్లేట్లు లెక్కపెట్టడం. కాకినాడకి వారం నివేదిక. సంపూర్ణమ్మగారికి ఫోన్.

నివేదికకే నాలుగున్నరయింది. 58.

జులై 10, గురువారం

61.

అరవై దాటాం. ఆశాజ్యోతి ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. మిగతా నాలుగు లాబ్‌ల వాళ్ళూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. మురళీకృష్ణగారు ఫోన్ చేసి “మీరు ముందే ఇలా చేసుంటే నేను అంత గట్టిగా మాట్లాడేవాణ్ణి కాదండి” అన్నారు. మెప్పో మందలింపో తెలియలేదు. మెప్పు అనుకున్నాను.

సంపూర్ణమ్మగారికి ఫోన్.

జులై 11, శుక్రవారం

సంపూర్ణమ్మగారికి ఫోన్.

జులై 12, శనివారం

నిన్నటి పనే, ఇవాళా మిగిలింది. 60.

జులై 13, ఆదివారం

ఇంట్లోనే ఉన్నాను. ఖాళీగానే ఉన్నాను. పొద్దున చేద్దామంటే ఆవిడ చర్చిలో ఉంటారు. మధ్యాహ్నం పడుకుంటారు. సాయంత్రం మేత వేళ.

ఈపాటికి ఊళ్ళో అందరికీ తెలిసే ఉంటుంది. పక్క చెరువు పట్టుబడి పడితే వలలు, ఐసు లారీ కనపడవా? చూసిన మనిషి మోటారు ఎందుకు వేస్తుంది? ఇరవై ఏళ్ళుగా రొయ్యల మధ్య బతికిన మనిషి. నాకంటే ఎక్కువ తెలుసు ఆవిడకి.

జులై 14, సోమవారం

లాబ్ తెరిచేసరికి వరండాలో నిలబడి ఉన్నారు. బెంచీ ఖాళీగానే ఉంది, కూర్చోలేదు. కవరు నాకివ్వకుండా వెలుతురుకెత్తి పట్టుకున్నారు. రొయ్యలు ఎర్రబారాయి. రెండు అప్పటికే కదలడం లేదు.

“నిన్న సాయంత్రం గట్టు వారకొచ్చేశాయమ్మా. చెక్ ట్రేలో మేత ఎక్కడిదక్కడే ఉంది. ఎండకేమో అనుకున్నా. ఎండకేనంటారా?”

పరీక్ష అక్కర్లేదు. తల పెంకు తీసి కిటికీ దగ్గర పెడితే మచ్చలు కంటికే కనపడుతున్నాయి. అయినా మిషన్లో పెట్టాను. ఆవిడ అడగలేదు. ఆ గంటన్నర నాకే కావలసి వచ్చింది.

“నీళ్ళేమన్నా పెట్టారా మధ్యలో?” అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. అది నాకు ఆశ్చర్యం.

“బుధవారం వేశానమ్మా మోటారు. వాన లేదుగా, జానెడు తగ్గింది. పొద్దున్నుంచి మధ్యాన్నం దాకా వేశా.”

“బుల్లబ్బాయిగారి పట్టుబడి చూడలేదా?”

“ఆయన ఆవలి పక్క నుంచి పట్టారమ్మా, రోడ్డు వైపు. మంగళారం రాత్రికే లోడెత్తేశారంట. మాకు తెలిస్తే వేస్తామా?”

మంగళవారం పదకొండూ నలభై నుంచి బుధవారం పొద్దున దాకా నాకు టైముంది. ఒక మధ్యాహ్నం, ఒక సాయంత్రం.

పాజిటివ్ అని చెప్పాను. ఆవిడ ఏడవలేదు. “ఎంత సైజుంటే కొంటారమ్మా?” అని అడిగారు. తర్వాత కవర్లో రొయ్యల్ని ఏం చెయ్యాలో తెలియనట్టు చూసి “ఇవి ఇక్కడే ఉంచెయ్యనా?” అన్నారు.

62. ఈ రోజు అంకె రాయకూడదనుకున్నాను. చెయ్యి రాసేసింది.

జులై 15, మంగళవారం

సెలవు పెట్టి పాతగట్టుపాలెం వెళ్ళాను. వల లాగుతున్నారు. రొయ్య చిన్నది, చచ్చింది చచ్చినట్టు పైకి వస్తోంది. చిట్టియ్య తువ్వాలు నడుముకి బిగించి గట్టు మీద కూర్చున్నాడు. సంపూర్ణమ్మగారు నీళ్ళలో ఉన్నారు. నన్ను చూసి చెయ్యి ఊపారు, శుభకార్యానికి వచ్చినవాళ్ళకి ఊపినట్టు.

బుల్లబ్బాయిగారు మోటారుసైకిలు మీద వచ్చారు. తెల్ల చొక్కా, మెత్తని మనిషి.

“మీరు రావడమేంటండి ఎండలో. సంపూర్ణా, మేడమ్‌గారికి కుర్చీ వేయించవే.”

కుర్చీ వద్దన్నాను. “మీకు హెచ్చరిక వచ్చిందాండి, మంగళవారం?” అన్నాను.

“వచ్చిందండి. రెండొచ్చాయి. ఒకటే మెసేజి రెండుసార్లు పంపారేంటా అనుకున్నా. కంప్యూటరు కదా, ఒక్కోసారి తిక్కగా ఉంటది.” ఫోన్ తీసి చూపించారు. రెండూ ఒకటే. రెండో దాని పైన చిన్న అక్షరాల్లో సంపూర్ణమ్మ పేరు.

“నీళ్ళు బ్లీచింగు కొట్టి వదిలారా?” అనీ అడిగాను.

“కొట్టానండి,” అన్నారు. మళ్ళీ తనే “కొంత కొట్టా” అన్నారు.

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చాలాసేపు ప్రయత్నించాను. తిరుగు బస్సులో అదే పని. రాలేదు.

జులై 17, గురువారం

ఎనిమిదో తారీకు రాసింది చదివాను. అందులో ‘నాలుగుంబావుకి మురళీకృష్ణగారి వీడియో కాల్ వచ్చింది’ అని ఉంది. రావడం నిజం. లిస్టులో ఆరుగురితో మాట్లాడేసరికి నాలుగూ ఎనిమిదే అయిందని మాత్రం రాయలేదు. ఏడు నిమిషాలు మిగిలాయి. ఆవిడ పేరు దగ్గరికి వచ్చి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆవిడతో రెండు నిమిషాల్లో తెమలదు. మోటారు సంగతి వినగానే కోళ్ళ దగ్గర మొదలుపెడతారు, మెర్సీ దగ్గరికి వస్తారు, మధ్యలో పెట్టెయ్యడానికి నాకు మొహం చెల్లదు. వీడియో కాల్‌కి ఆలస్యమవుతుంది. అలా అనుకుంటూ ఆ ఏడు నిమిషాలూ టీ తాగాను.

ట్రైనింగులో రూల్సు రెండు నేర్పారు. రెండు నిమిషాల్లో అయ్యే పని వెంటనే చెయ్యాలి, ఫోన్లు వేళకే చెయ్యాలి. రెండిట్లో ఏ రూలు పాటించానో చూద్దామంటే రెండూ పాటించలేదు. రూలు కాదు. ఆవిడ మాటలంటే విసుగు.

విసుగు అని ఇప్పుడే రాశాను. పదకొండేళ్ళలో మొదటిసారి.

జులై 18, శుక్రవారం

సాఫ్ట్‌వేరులో సంపూర్ణమ్మగారి గడిలోంచి బుల్లబ్బాయిగారి నంబరు తీసెయ్యబోయాను. ‘సరైన వాట్సాప్ నంబరు ఇవ్వండి’ అంటుంది. నా నంబరు ఇచ్చాను. తీసుకుంది.

పాతగట్టుపాలెంలో మిగతా వాళ్ళకి వరసగా ఫోన్లు చేశాను, నాలుగింటి దాకా ఆగకుండా. గణేష్‌బాబుగారు ఎత్తారు.

“మోటారు వెయ్యకండని చెప్దామని.”

“ఇప్పుడెందుకమ్మా, మోటార్లు విప్పి ఇంట్లో పెట్టుకున్నాం. అందరం పట్టేశాం.”

జులై 21, సోమవారం

సంపూర్ణమ్మగారు వచ్చారు. చేతిలో కవరు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగు పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడ్డారు. వరండాలో పదిమంది ఉన్నారు.

“మిమ్మల్ని ఒకటడుగుదామని వచ్చానమ్మా. తప్పు పట్టుకోకండి. జబ్బొచ్చినప్పుడల్లా మీరు ఫోన్ చేసేవారు కదా. ఈసారి రాలేదేంటా అని మా ఆయన గొడవ. నేనన్నాను, ఆవిడ చెయ్యకుండా ఉండరు, మన ఫోనే చచ్చుంటది, చార్జింగు నిలబడట్లేదు కదా అని. మీరు చేసే ఉంటారు. నేనే ఎత్తలేదు. మీరెంత తిట్టుకున్నారో నన్ను.”

అందరూ వింటున్నారు. ఆశాజ్యోతి కూడా పిపెట్టు ఆపి చూస్తోంది.

“రెండుసార్లు చేశానమ్మా” అన్నాను.

“అదిగో. నే చెప్పలా?” అన్నారావిడ వరండా వైపు తిరిగి. మొహంలో ఎంత నెమ్మది కనపడిందంటే, అది నేనిచ్చిందేనని ఒక్క క్షణం నాకు తృప్తి కూడా కలిగింది. ఆ క్షణాన్ని ఏం చెయ్యాలో తెలియడం లేదు.

రెండుసార్లని ఎందుకన్నాను? ఒక్కసారంటే సరిపోయేది.

జులై 22, మంగళవారం

ఈయనకి చెప్పాను. అంతా వినలేదు, వార్తలు వస్తున్నాయి. “చెరువన్నాక జబ్బులు రావా? అన్నీ నీ నెత్తిన వేసుకుంటావు” అన్నారు.

ఓదార్పే. ఎవరికి చెప్పినా ఇదే అంటారు.

జులై 24, గురువారం

మురళీకృష్ణగారు లాబ్‌కి వచ్చారు. వరండాలో రైతులతో మాట్లాడి లోపలికి వచ్చారు, బాగా సంతోషంగా.

“ఏంటండి, చెప్పనే లేదు. అరవై కొడుతూ కూడా ఎవరో కౌలు రైతుకి రెండుసార్లు ఫోన్ చేశారంటగా. బయట అందరూ అదే చెప్తున్నారు. నేను సామర్థ్యం, సామర్థ్యం అని మొత్తుకునేది ఇదే. వేళకి పని చేస్తే మనుషులకీ టైం మిగులుతుంది.”

“అలా కాదండి” అన్నాను.

“మొహమాటపడకండి. ముప్ఫై ఒకటిన కాకినాడలో మీటింగుంది, అయిదు లాబ్‌లవాళ్ళూ వస్తారు. మీరు పది నిమిషాలు మాట్లాడాలి. ఆ ఫోన్ సంగతి తప్పకుండా చెప్పండి.”

“ఆవిడ చెరువు పోయిందండి.”

“పోతుందండి, మన చేతుల్లో ఏముంది? మనం చెయ్యాల్సింది చేశాం కదా. అది పాయింటు.”

ఆయన వెళ్ళాక ఆశాజ్యోతి టీ తెచ్చింది. గ్లాసు పెట్టి బల్ల మీద తడి తుడిచింది.

“ఎనిమిదో తారీకు సాయంత్రం నేనిక్కడే ఉన్నాను మేడమ్” అంది.

“తెలుసు.”

“ఏం లేదు. ఊరికే.” ప్లేట్లు కడగడానికి వెళ్ళిపోయింది. ఆ పిల్ల నన్ను ఏ మాటా అనదు. లాబ్ ఉంటే తనకీ ఉద్యోగం ఉంటుంది.

జులై 29, మంగళవారం

కాకినాడలో అసలు సంగతి చెప్పేస్తాను. నిర్ణయించుకున్నాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను: నంబరు తప్పు, నా బాధ్యత, సాఫ్ట్‌వేరు మీద పూర్తిగా ఆధారపడకూడదు, మోటారు ఫోన్లకి రోజూ గంట కేటాయించాలి.

చదువుకుంటే ఇదీ చక్కటి ప్రసంగంలాగే ఉంది. తప్పు ఒప్పుకోవడం కూడా నేను పాయింట్లుగా విడగొట్టాను.

జులై 31, గురువారం

చెప్పలేదు.

ఫోన్ సంగతి కూడా చెప్పలేదు, అదొక్కటే నయం. బెంచీ బయటికి మార్చడం, ఒకే రకం పనులు కలిపి చెయ్యడం చెప్పి దిగిపోయాను. మిగతాది మురళీకృష్ణగారే లేచి చెప్పారు. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఎవరో పెద్దాయన “రెండుసార్లంటే గొప్పేనండి ఈ రోజుల్లో” అన్నారు.

లాబ్ ఉంటుంది. మిషన్లు ఇక్కడే ఉంటాయి.

ఆగస్టు 4, సోమవారం

బుల్లబ్బాయిగారు శాంపిళ్ళు తెచ్చారు. కొత్త పంటకి నీళ్ళు. సీసాల మీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు. ఇదివరకు అయిదే ఉండేవి.

“ఆరోది సంపూర్ణమ్మగారిదాండి?”

“కలిపేశానండి. ఆడమనిషి ఒక్కతీ ఏం చేసుకుంటది పాపం. రొయ్యల షెడ్డులో చేరింది, మీ ఊరి చివర. నేనే చెప్పి పెట్టించా.”

ఆ షెడ్డు నీళ్ళూ ఐసూ ప్రతి గురువారం మా లాబ్‌కే వస్తాయి పరీక్షకి. వాళ్ళ మనిషి తెచ్చి ఇస్తాడు. ఈసారి నేనే వెళ్ళి తీసుకుంటానని చెప్పాను.

ఆగస్టు 7, గురువారం

పదకొండింటికి ఆటోలో వెళ్ళాను. పొడుగాటి స్టీలు బల్లలు, అటూ ఇటూ ఆడవాళ్ళు, తెల్ల కోట్లు, తలలకి గుడ్డలు. కాళ్ళ కింద నీళ్ళు. మిషను హోరు. అందరూ ఒకేలా ఉన్నారు. సంపూర్ణమ్మగారిని చేతుల్ని బట్టి గుర్తుపట్టాను, మిగతావాళ్ళకంటే నిదానంగా కదులుతున్నాయి. రొయ్య తల గిల్లడం, పారెయ్యడం, ఇంకోటి. ట్రే నిండితే బేబి అనే సూపర్‌వైజరు వచ్చి పలక మీద ఆవిడ పేరు పక్కన గీత గీసి ఖాళీ ట్రే పెడుతోంది. ప్రతి పేరుకీ గంటకిన్ని గీతలుండాలట.

బల్లకి ఇవతల నిలబడ్డాను. ఆవిడ తల ఎత్తి, నవ్వి, మళ్ళీ దించారు.

“మీరా అమ్మా. ఇక్కడ చలిగా ఉంటది, దుప్పటేమన్నా కప్పుకోవాల్సింది.”

“ఒక మాట చెప్పాలి సంపూర్ణమ్మగారూ.”

“చెప్పండి. చేతులాగకూడదు గానీ చెవులు ఖాళీయే.”

ఆ హోరులో గట్టిగా అనాల్సి వచ్చింది. అంత గట్టిగా అనాల్సి వస్తుందనుకోలేదు.

“నేను ఫోన్ చెయ్యలేదు. రెండుసార్లు కాదు. ఒక్కసారి కూడా చెయ్యలేదు.”

చేతులు ఆగలేదు. మూడు రొయ్యలు, నాలుగు.

“తెలుసమ్మా.”

“ఎప్పుడు తెలుసు?”

“మీరు రెండుసార్లన్నారు కదా. మోగితే నాకెందుకు వినపడలేదా అని, మెర్సీ హాస్టలు నుంచి ఇంటికొచ్చినప్పుడు దాని చేత చూపించా. ఆ మంగళారం నాలుగున్నరకి మెర్సీ చేసింది హాస్టలు నుంచి. అది పడింది ఫోన్లో. మీది పడలేదు.”

“మరి నేను చేశానని అందరికీ చెప్పారు కదా.”

“అప్పటికే చెప్పేశాగా, మీ లాబ్‌లోనే. మళ్ళీ కాదని తిరిగితే మీకేం బాగుంటది? పెద్దోళ్ళు మీరు. మీరు చేశానన్నాక నేను కాదంటానా?”

దెప్పుతున్నారేమోనని మొహంలోకి చూశాను. దెప్పడం లేదు. ఆ మాట ‘వాన రాలేదు’ అన్నంత మామూలుగా చెప్పారు. ఎందుకు చెయ్యలేదని అడుగుతారేమోనని నిలబడ్డాను. ఏడు నిమిషాల సంగతి, టీ సంగతి, విసుగు సంగతి, అన్నీ చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. అడగలేదు.

“మెర్సీ ఎలా ఉంది?” అన్నాను చివరికి. ఎప్పుడూ ఆవిడే చెప్పేవారు, నేనడగడం ఇదే మొదలు.

ఆవిడ బేబి వైపు ఓరగా చూశారు. “తర్వాత చెప్తానమ్మా. మాట్లాడితే ట్రే నిండట్లేదు. జరగండి, మీ చీర మీద నీళ్ళు పడతన్నాయి.”

జరిగాను. సీసాలో నీళ్ళు పట్టి, సంచిలో ఐసు వేసి, చీటీ మీద టైము రాశాను, పదకొండూ ఇరవై. బయటికొస్తుంటే బేబి గంట లెక్క చూస్తోంది, పలక మీద వరసగా వేలు పెట్టి. సంపూర్ణమ్మ పేరు దగ్గర వేలు ఆగింది. అందరికీ నాలుగు గీతలున్నాయి, ఆవిడకి మూడు.

“ఏం సంపూర్ణమ్మా, కబుర్లా?” అంది బేబి.

“లేదండి, నాదే చెయ్యి నెమ్మది” అన్నారావిడ.

నేను గుమ్మంలోనే ఉన్నాను. నావల్లేనని బేబికి చెప్పొచ్చు. అరనిమిషం పని. ఆటో అతను హారన్ కొట్టాడు, ఐసు కరిగిపోతుందని. వెళ్ళి ఎక్కాను.